నిలబడి తిన్న వేరుశనగలు

అనగనగా ఒక అడవి. ఆ అడవి చివర, వేరుశనగ చేను పక్కన, బొండయ్య అనే పందికొక్కు ఉండేవాడు. ఆయన భార్య తాయారమ్మ. వాళ్ల కన్నం ద్వారం బాగా ఇరుకు. నక్క దూరకూడదని తాయారమ్మే అలా తవ్వింది.

అంతా బాగానే ఉండేది కానీ, బొండయ్యకు పొట్ట వచ్చింది. ఇంట్లోకి తల దూరేది, ముందు కాళ్లు దూరేవి, పొట్ట దగ్గరికొచ్చేసరికి ఆగిపోయేవాడు. రోజూ తాయారమ్మ లోపలి నుంచి పట్టి లాగేది.

ద్వారం కాస్త వెడల్పు చేద్దామా అని ఆయన అడిగాడు. అప్పుడు మీతోపాటు నక్క కూడా వస్తుందండీ అంది ఆవిడ. సరే, పొట్టే తగ్గిద్దాం అనుకున్నారు.

మొదట దుంపలు మానేసి గడ్డి నమిలాడు. పొట్ట కదల్లేదు. తర్వాత పొద్దున్నే పుట్ట చుట్టూ పరుగెత్తాడు. కాళ్లు చిక్కాయి, మెడ చిక్కింది, చివరికి మీసాలు కూడా చిక్కాయి. పొట్ట మాత్రం అలాగే ఉంది. ఆఖరికి ఒక తీగ తెచ్చి బిగించి కట్టాడు. అప్పటిదాకా ఒక్కటే ఉన్న పొట్ట తీగకు పైనొకటి, కిందొకటి, రెండైంది.

తాయారమ్మకు జాలేసింది. ఆయన ఒక్కడే గడ్డి తినడమెందుకని తనూ గడ్డే తినసాగింది. పాపం, బాగా నీరసించిపోయింది.

అసలు సంగతి ఏమిటంటే, పరుగు అయ్యాక బొండయ్య చేనులో ఆగేవాడు. కూర్చుని తింటే భోజనం, నిలబడి తింటే ఉత్త రుచి చూడటం అని ఆయన నమ్మకం. అలా గట్టు ఈ చివర నుంచి ఆ చివర దాకా నిలబడి రుచి చూసేవాడు. భోజనమే కానప్పుడు ఇంట్లో చెప్పడం ఎందుకని ఊరుకునేవాడు.

ఒకరోజు నోటినిండా వేరుశనగలు ఉండగా నక్క వచ్చింది. బొండయ్య ఇంటికి పరుగెత్తి, మామూలుగానే ద్వారంలో ఇరుక్కున్నాడు. తాయారమ్మ లాగింది. ఆవిడ చేతుల్లో సత్తువ లేదు.

"గట్టిగా ఊపిరి వదలండి. పొట్ట లోపలికి పోతుంది" అంది.

అలా వదలాలంటే నోరు తెరవాలి. తెరిస్తే గుట్టు బయటపడుతుంది. బొండయ్య గబగబా కొన్ని మింగేశాడు. పొట్ట ఇంకా బిగిసింది. ఈలోగా నక్క ఆయన తోక కొన కొరికి రుచి చూసింది. అదీ నిలబడే చూసింది.

ఇక లాభం లేదని బొండయ్య నోరు తెరిచాడు. వేరుశనగలు వడగళ్లలా తాయారమ్మ ముఖం మీద రాలాయి. ఊపిరి బుస్సుమంది. ఆయన జర్రున లోపలికి జారాడు. తోక కొన నక్క దగ్గరే ఉండిపోయింది.

బొండయ్య భార్య పుల్లల్లాంటి చేతులు చూశాడు.

"రోజూ తిన్నాను తాయారూ. నీకు చెప్పలేదు" అన్నాడు.

తాయారమ్మ రాలిన వేరుశనగలన్నీ ఏరుకుని, ఆయనకు ఒక్కటీ పెట్టకుండా తినేసింది. బొండయ్య బుద్ధిగా చూస్తూ కూర్చున్నాడు.

ఆ తర్వాత ఏం తిన్నా ఇద్దరూ కలిసే తిన్నారు. పొట్ట మెల్లమెల్లగా తగ్గింది. పూర్తిగా పోలేదు. ద్వారంలో దూరేటప్పుడు ఇప్పటికీ 'పుసుక్' మంటుంది. ఆ మిగిలిన పొట్ట మామగారి పోలికే అని తాయారమ్మ సరిపెట్టుకుంది.

నీతి: చాటుగా తిన్నది ఇంట్లోవాళ్లకు తెలియకపోవచ్చు, పొట్టకు మాత్రం తెలుస్తుంది.