శివారు బోదె

మార్తమ్మ గారిని ప్రశ్న అడిగేవాళ్ళు ముందే చెప్పులు వేసుకుని సిద్ధంగా ఉండాలని ఆవిడ విద్యార్థులు నవ్వుకునేవారు. కూర్చుని జవాబు చెప్పడం ఆవిడకు చేతకాదు. లేచి ఎక్కడికో తీసుకుపోయేవారు.

ఆ రోజు అడిగింది హిమజ. వరికి అగ్గితెగులు సోకినప్పుడు మొక్కలో ఏ జన్యువు ఏ జన్యువును మేల్కొలుపుతుందో మూడేళ్ళు వెతికి, ఆ సంబంధాలన్నిటినీ ఒక పటంగా గీసింది. మూడొందల పన్నెండు గీతలు. ఒకదాని మీద ఒకటి పడి పటం కాస్తా కోడి కెలికిన నూలులా తయారైంది. మర్నాడు అది విత్తన పరిశోధకుల ముందుకు వెళ్తుంది. పటంలో ఉన్న జన్యువులనే వాళ్ళు పొలంలో పరీక్షిస్తారు; లేనివాటి ఊసు ఇక ఉండదు. చిక్కు తగ్గించాలని హిమజ బలహీనమైన నలభై రెండు గీతలు తుడిచేసింది. కానీ మనసు ఒప్పలేదు.

“ఈ సన్నవి తీసేస్తే తప్పా మేడమ్?”

“నన్నెందుకు అడుగుతావు? పద, మా వదినను అడుగుదాం,” అని ఆవిడ బస్సెక్కించారు.

బస్సు కాలువ గట్టు వెంటే నడిచింది. ఒక్కటిగా వచ్చిన కాలువ లాకు దాటి రెండయింది, ఊరి దగ్గర అయిదయింది, పొలాల్లోకి దిగేసరికి లెక్కలేనన్ని బోదెలయింది. అన్నిటికంటే చివర, శివారు పొలంలో, పెద్దింట్లమ్మ పార పట్టుకుని గట్టు సర్దుతోంది. ఆ పొలంలోకి వచ్చే బోదె జానెడు వెడల్పు కూడా లేదు.

“వదినా, ఈ అమ్మాయి బాగా చదువుకుంది. ఈ బోదె మరీ సన్నగా ఉంది, పూడ్చేస్తే చూడ్డానికి బాగుంటుందంటోంది,” అన్నారు మార్తమ్మ గారు తాపీగా.

పెద్దింట్లమ్మ పార నేలకు కొట్టింది. “పూడ్చు తల్లీ, పూడ్చు! నన్నూ అందులోనే పడుకోబెట్టి పూడ్చు, ఇంకా బాగుంటుంది!”

హిమజ మొహం పాలిపోయింది. “అయ్యో, నేనలా అనలేదండీ...”

“నువ్వు అనకపోతే మునుపు ఒకాయన అన్నాడులే. కాలువల పటం గీసినాయన. చిన్న బోదెలు కూడా వేస్తే కాగితం ఖరాబవుతుందని మాది వదిలేశాడు. ఆ వేసవి పటం చూసి పూడిక తీశారు. పటంలో లేని బోదెలో పార ఎవడేస్తాడు? మీ మేడమ్ వాళ్ళ నాన్న, మా మావ, వెళ్ళి మొత్తుకుంటే అక్కడ బోదే లేదు పొమ్మన్నారు. పై పొలం సాంబయ్య తన గట్టు తెంచి, తన నాట్ల మధ్య నుంచి నీళ్ళు వదిలాడు కాబట్టి ఆ ఏడు అన్నం తిన్నాం. ఈవిడ బళ్ళో మిగిలింది. లేకపోతే నాతో పాటు నాట్లకొచ్చేది.”

“నీకంటే బాగానే నాటేదాన్ని.”

“అబ్బో! నీ నాటు చూసి కొంగలు నవ్వేవి!” అని, పెద్దింట్లమ్మ గొంతు దించింది. “ఇప్పటికీ కొత్త బియ్యంలో మొదటి కుంచెడు సాంబయ్య ఇంటికే పంపుతాం.”

హిమజ గట్టు మీద కూలబడింది. ఒక్కో పొలానికీ నది నుంచి ఒక్కో కాలువ తవ్వి ఉంటే నాటడానికి నేలే మిగిలేది కాదు. తన పటంలో ఒక్కో సంబంధానికీ విడిగా గీత గీసి తను చేసింది అదే. సంచిలోంచి పటం కాగితం, పెన్సిలు తీసింది. ఒక దిక్కుకు పోయే గీతలన్నిటినీ ఒక్క పాయగా కలిపి, గమ్యం దగ్గర కొమ్మల్లా విడదీసింది. తుడిచేసిన నలభై రెండింటికీ ఆకు ఈనెల్లా చోటు దొరికింది. చిక్కు లేదు, ఎవరూ తప్పిపోలేదు.

కళ్ళు తుడుచుకుని లేచి గురువు కాళ్ళకు వంగబోతే ఆవిడ వెనక్కి జరిగారు. “నాకెందుకే? పెట్టాల్సింది అదిగో, ఆ బురదలో ఉన్న కాళ్ళకి.”

హిమజ ఆ కాళ్ళకే దణ్ణం పెట్టింది. “లే తల్లీ, బట్టలు పాడైపోతాయి,” అని పెద్దింట్లమ్మ కంగారుపడి లేవదీసింది.

మార్తమ్మ గారు కాగితం అందుకుని చాలాసేపు చూశారు. ఒకచోట రెండు పాయలు ఒకదానికొకటి ఆనుకున్నాయి; ఏ గీత ఎటు పోతుందో తెలియక, సంబంధం లేని జన్యువులూ అక్కడ కలిసినట్టు కనిపిస్తున్నాయి. ఆనుకున్న చోట గీత చెరిపి, వాటి మధ్య వేలి గోరంత సందు చేసి కాగితం తిరిగి ఇచ్చారు.

“దారి పంచుకున్నంత మాత్రాన చుట్టరికం కలిపేస్తావుటే?”