మూడో అంతస్తులో కద్రి

సగం పనిని నలుగురికీ చూపించడం నామోషీ కాదా అని ఏసురత్నం అడిగాడు.

ఒంగోలులో యువజన కార్యకర్తలకు శిక్షణ ఇచ్చే సువర్చల గారి దగ్గర ఆ ఏడాది మేం తొమ్మిదిమందిమి చేరాం. అందరిలోకీ చురుకైనవాడు ఏసురత్నం. చీరాల వైపు మత్స్యకార పల్లెల్లోని యువకులకు పడవ ఇంజన్ల మరమ్మతు నేర్పాలని ఆరు నెలల కార్యక్రమం ఒకటి రాసుకుంటున్నాడు. సువర్చల గారు మాకు అప్పుడు ఎజైల్ పద్ధతి చెబుతున్నారు. పనిని చిన్న ముక్కలుగా చేసుకోవడం, ఒక్కో ముక్క కాగానే అది ఎవరి కోసమో వాళ్ళ ముందు పెట్టడం, వాళ్ళకు ఎక్కడ కుదరలేదో చూసి తర్వాతి ముక్క దిద్దుకోవడం. ఇది ఏసురత్నానికి మింగుడుపడలేదు. అన్నీ ముందే ఆలోచించి పెట్టుకున్నవాడు మధ్యలో ఇంకొకరిని అడగడం దేనికని అతని వాదన.

సువర్చల గారు వాదనకు దిగలేదు. ముప్పై ఏళ్ళ వయసులో తనూ సరిగ్గా ఈ మాటే అన్నానని చెప్పి, ఆ మాట అన్నచోట ఏం జరిగిందో చెప్పారు.

అది ఎస్తోనియా దేశంలో ఒక చిన్న ఊరు. రకరకాల దేశాల యువజన కార్యకర్తలకు అక్కడ మూడు వారాల శిక్షణ. చివర్లో ఆ ఊరి యువతీయువకులు నలభైమందికి మూడు రోజుల శిబిరం నడిపి చూపించాలి. బస అంతా మూడంతస్తుల పాత చెక్క భవనంలో. నేర్పేది మారెట్ అనే ఆవిడ. యాభై దాటిన మనిషి, మాట తక్కువ. చేయాల్సిన పనులన్నీ చీటీల మీద రాయించి గోడకు అతికించేది. రెండు రోజులకొక చీటీ తీసి, ఆ పని చేసి చూపించమనేది.

అప్పటికే ఎనిమిదేళ్ళుగా మన జిల్లాలో శిబిరాలు నడుపుతున్న సువర్చల గారికి అదంతా పిల్లల ఆటలా తోచింది. ఆవిడ చీటీల జోలికి పోకుండా, నాలుగు రోజులు కూర్చుని ముప్పై ఆరు పేజీల ప్రణాళిక రాశారు. నలభైమందిలో కద్రి అనే పదిహేడేళ్ళ పిల్లకు పుట్టినప్పటి నుంచీ చెవులు వినపడవని దరఖాస్తులో ఉంటే, ఆ పిల్ల కోసమే ఒక పేజీ కేటాయించారు. సైగలతో చెప్పేవాళ్ళు ఎవరు, ముందు వరసలో కుర్చీ ఎక్కడ, ఆటల్లో ఈల బదులు ఏ రంగు జెండా ఊపాలి, అన్నీ ఉన్నాయందులో. టర్కీ నుంచి వచ్చిన ఎమ్రే సువర్చల గారి జట్టువాడు. ఆ పేజీ చదివి, ఇంత శ్రద్ధ తనెక్కడా చూడలేదన్నాడట.

మారెట్ ఆ కాగితాలన్నీ ఓపిగ్గా తిరగేసింది. వీటిలో మీకు బాగా నమ్మకమున్న పని ఒక్కటి చేసి చూపించండి, శిబిరానికి రాబోయే నలభైమందిలో ఐదుగురిని పిలుస్తానంది. సువర్చల గారు అయిష్టంగానే ఒప్పుకుని, నిప్పు అంటుకుంటే అందర్నీ బయటికి తెచ్చే పని ఎంచుకున్నారు. ఏ మెట్ల మీదుగా ఎవరు దిగాలి, ఏ తలుపు దగ్గర ఎవరు నిలబడాలి, అంతా ఆవిడకు కంఠతా వచ్చు.

మర్నాడు పొద్దున పదకొండింటికి వచ్చిన ఐదుగురినీ శిబిరంలో వాళ్ళకు ఇవ్వబోయే గదుల్లోకి పంపారు. ఎమ్రే గంట మోగించాడు. చెక్క మెట్లు దడదడలాడాయి. నిమిషం నలభై సెకన్లలో నవ్వుకుంటూ నలుగురు ఆవరణలోకి వచ్చేశారు. ప్రణాళికలో రాసుకున్నదానికన్నా ఇరవై సెకన్లు తక్కువ. సువర్చల గారు గర్వంగా మారెట్ వైపు తిరిగారు.

"పైకి ఎంతమంది వెళ్ళారు?" అంది మారెట్.

ఆ మాట అర్థమయ్యేసరికి తన కాళ్ళు మెట్ల మీద ఉన్నాయని సువర్చల గారు చెప్పారు. ఉత్తుత్తి గంటే అని తెలుసు, ఎక్కడా పొగ లేదనీ తెలుసు. అయినా పరుగెత్తి, రెండో అంతస్తు దగ్గర ఒకసారి కింద పడ్డారట. గంట ఇంకా మోగుతూనే ఉంది. మూడో అంతస్తులో చివరి గది తలుపు వేసి ఉంది. తోసి చూస్తే కద్రి తలుపుకు వీపు పెట్టి కిటికీ దగ్గర కూర్చుని, శిబిరం బ్యాడ్జి మీద తన పేరు చుట్టూ పువ్వులు గీసుకుంటోంది. భుజం మీద చెయ్యి పడగానే ఉలిక్కిపడి తిరిగి చూసి, నవ్వింది. బల్ల మీది కాగితం తీసుకుని ఇంగ్లీషులో రెండు ముక్కలు రాసి చూపించింది.

"మొదలుపెట్టారా?"

సువర్చల గారు అక్కడే నేల మీద కూర్చున్నారు. ఆ పిల్ల కోసం రాసిన పేజీలోని వాక్యాలన్నీ ఒక్కొక్కటే గుర్తుకొచ్చాయి. అందులో పగటివేళ శిబిరం అంతా ఉంది. గదిలో తలుపు వేసుకుని ఒంటరిగా ఉండే కద్రి లేదు. మారెట్ పైకొచ్చి పక్కన కూర్చుంది.

కాసేపటికి సువర్చల గారే కాగితం తీసుకుని, ఇంట్లో నిన్ను ఎలా పిలుస్తారని కద్రిని అడిగారు. దీపం ఆర్పి వెలిగిస్తారని ఆ పిల్ల రాసింది. రెండు రోజుల్లో గదులన్నిటిలో గంటతోపాటు వెలిగి ఆరే దీపాలు పెట్టించారు. రెండోసారి గంట కొట్టినప్పుడు అందరికన్నా ఆఖరున దిగివచ్చిన కద్రి, తను కావాలనే స్నానాల గదిలో ఉన్నాననీ, అక్కడ దీపం లేదనీ రాసి చూపించింది. మూడోసారి అక్కడా పెట్టారు. అప్పుడు గంట మోగిన నిమిషంలోపే కిందికి వచ్చింది. శిబిరం బాగానే జరిగింది. ముప్పై ఆరు పేజీల్లో చివరికి పదకొండు మిగిలాయి.

సువర్చల గారు చెప్పడం ఆపారు. ఏసురత్నం, తను అలాంటి పొరపాటు చేయననీ, ఆ పల్లెల లెక్కలన్నీ తెప్పించుకుని చదివాననీ అన్నాడు. ఎంతమంది చదువు మానేశారో, ఎంతమందికి సొంత పడవలున్నాయో కాగితం చూడకుండానే చెప్పాడు.

సువర్చల గారు అంతా విన్నారు.

"వాళ్ళలో ఒక్కడి పేరు చెప్పు, ఏసురత్నం."

అతను తన కాగితాలు ముందుకీ వెనక్కీ తిరగేశాడు, వాటిలో అంకెలే ఉన్నాయి. మా అందరి చూపులూ అతని మీది నుంచి మా మా కాగితాల మీదికి జారాయి.

ఆవిడ గోడ గడియారం వైపు చూశారు.

"చీరాల బస్సు రెండింటికి ఉంది. భోంచేసి వెళ్ళు."