నోట్లో రాయి

పెంచలకు అన్నీ కుదిరాయి. కత్తి నూరి పెట్టుకుంది, దారి తెలుసుకుంది, సరైన రోజు కూడా దొరికింది. ఇక మిగిలింది తాత చేత ‘పో’ అనిపించుకోవడం ఒక్కటే. అదే కుదరడం లేదు.

వానలు మొహం చాటేసి ఎన్నేళ్ళయిందో చెప్పగలిగినవాళ్ళు ఆ సీమలో ఒక్కరూ మిగల్లేదు. ఉన్న నీళ్ళన్నీ చెరువు కట్ట మీదివాళ్ళ చేతిలో ఉండేవి. కట్ట కింద బతికేవాళ్ళకు మనిషికి రోజుకు రెండు ముంతలు. దానికి మళ్ళీ సవాలక్ష షరతులు. వాటిలో పెద్దది, ఏడవకూడదు. ఏడుపంటే నీళ్ళ దుబారా అట! ఏడుస్తూ కాపలావాళ్ళ కంటపడితే రెండు ముంతల్లో ఒకటి కోసేవాళ్ళు.

అందుకని కట్ట కింద ఒక ఆచారం పుట్టింది. ఇంట్లో మనిషి పోతే మిగిలినవాళ్ళు నోట్లో గులకరాయి పెట్టుకునేవాళ్ళు. నాలుక కింద రాయి ఉంటే ఏడుపు గొంతు దాటదని వాళ్ళ నమ్మకం. మనం గుండె రాయి చేసుకోమని ఓదారుస్తాం. వాళ్ళు నోట్లో రాయి పెట్టుకోమని ఓదార్చేవాళ్ళు. పదకొండో రోజున అందరూ రాళ్ళు ఉమ్మేసి ఎవరి పనుల్లో వాళ్ళు పడేవాళ్ళు.

పెంచల మాత్రం ఉమ్మలేదు.

రెండేళ్ళ కిందట దానికి జ్వరం వచ్చి నాలుక పిడచకట్టుకుపోతుంటే, వాళ్ళన్న మూడో ముంత కోసం కట్ట ఎక్కాడు. ఆ అన్న తప్ప దానికి వేరే దిక్కు లేదు. తూము దగ్గర నరహరి అనే కాపలావాడు పట్టుకుని తుపాకీ మడమతో తల మీద కొట్టాడు. ముంతా పగిలింది, తలా పగిలింది. పెంచలకు అప్పటికి పదిహేనేళ్ళు. నరహరి చచ్చిన రోజే ఈ రాయి తీస్తానని ఒట్టు పెట్టుకుని, తిన్నగా దాదాపీరు తాత దగ్గరికి వచ్చింది.

తాత ఒక ఫకీరు. కట్టకు మూడు గంటల నడక దూరంలో, కప్పు ఎగిరిపోయిన దర్గాలో ఒక మేకతో కాపురం. ఆయన మూడుసార్లు కట్ట ఎక్కి, తూములో చేయి ముంచి, ఒక్క కాపలావాడికీ వినబడకుండా దిగివచ్చాడని చెప్పుకునేవాళ్ళు. మంత్రాలు వచ్చునన్నారు కొందరు. మంత్రమూ లేదు, మాయా లేదు, ఆయనకు నడవడం వచ్చు. ఏడవడం కూడా వచ్చు. తెలిసినవాళ్ళెవరు పోయినా నడిబజార్లో చతికిలబడి గొల్లుమని ఏడ్చేవాడు. అందుకని ఆయనకు ఎప్పుడూ ఒక్క ముంతే దక్కేది.

“చప్పుడు కాకుండా నడవడం నేర్పు తాతా” అని అడిగింది పెంచల.

“ఎందుకు?”

“నరహరిని చంపేదానికి.”

“సరే. ముందు మేక దగ్గర మొదలుపెట్టు” అన్నాడు తాత.

తప్పమ్మా అని నాలుగు మంచి మాటలు చెప్పి ఉండొచ్చు కదా అని మీరనొచ్చు. చెబితే వినే వయసా అది? చెప్పేకొద్దీ మొండికేస్తుంది. ఆ మాత్రం తాతకు తెలుసు.

కునుకు తీస్తున్న మేక వెనకనుంచి నడవాలి. అది చెవి విదిలించిందంటే ఆ పూట సంగటి లేదు. మొదటి నెల్లో పెంచల చిక్కి సగమైంది. తర్వాత ఎండుటాకుల మీద నడిచింది, కంకర మీద నడిచింది, తుప్పు పట్టిన రేకుల మీద నడిచింది. రెండేళ్ళు తిరిగేసరికి పిల్లి కూడా వచ్చి దాని దగ్గర పాఠం చెప్పించుకోవాల్సిందే. రోజూ లేవగానే నరహరి పేరు పైకే ఏడుసార్లు అనుకుని గాని అది పనిలో దిగేది కాదు. తాత ఆ ఏడుసార్లూ వినేవాడు, ఏమీ అనేవాడు కాదు.

ఇంతలో ఆ రోజు రానే వచ్చింది. ఏడాదికొకసారి పెద్దదొర పుట్టినరోజని కట్ట మీద విందు జరుగుతుంది. కాపలావాళ్ళంతా మధ్యాహ్నం దాకా విందులో ఉంటారు, తూము మీద ఒక్కడినే వదులుతారు. ఈసారి ఆ ఒక్కడు నరహరి. పొద్దు నడినెత్తికి వచ్చేలోపల పని అయిపోవాలి. ఆ తర్వాత దొరికినవాళ్ళను కట్ట మీదనుంచి కిందికి తోసేస్తారు. పెంచలకు ఆ సంగతి తెలుసు. తెలిసినా లక్ష్యపెట్టలేదు.

తెల్లవారగానే కత్తి నడుముకు కట్టుకుని వచ్చి నిలబడింది. తాత మేకకు తుమ్మకాయలు విరిచి పెడుతున్నాడు.

“పోయొస్తా తాతా.”

“పోయేది సరే. వచ్చేది ఉందా?”

పెంచల కత్తి ముడి బిగించుకుంది. తాత చేతులు దులుపుకున్నాడు.

“ఒక పరీక్ష మిగిలింది బిడ్డా. నేను కళ్ళకు గుడ్డ కట్టుకుని కూర్చుంటా. నేనే నరహరిననుకో. వెనకనుంచి వచ్చి నా భుజం తాకు. తాకినావంటే పో, నేను ఆపను.”

ఇంతేనా అనుకుంది పెంచల. నవ్వు కూడా వచ్చింది దానికి.

మొదటిసారి నాలుగు బారల దూరంలో ఉండగానే తాత వేలు లేచింది. “అక్కడుండావు.” రెండోసారి ఎడమపక్కనుంచి వచ్చింది. వేలు ఎడమకు తిరిగింది. మూడోసారి గోడ ఎక్కి, గాలి ఎదురుగా వీచేదాకా ఆగి, పైనుంచి దిగింది. వేలు సరిగ్గా దాని ముక్కు మీదికే వచ్చి నిలిచింది. పొద్దెక్కుతోంది. పెంచలకు ఒళ్ళు మండిపోయింది.

“నా అడుగు వినబడిందా?”

“లేదు. నీ అడుగుకు వంక పెట్టేదానికి లేదు.”

“మరేం వినబడింది?”

“రాయి.”

“ఏం రాయి?” అంది పెంచల, చుట్టూ నేల వంక చూస్తూ.

చంకలో బిడ్డను పెట్టుకుని ఊరంతా వెతికిన తల్లి సామెత మీరు వినే ఉంటారు. పాపం, అది నిజంగానే మరిచిపోయింది. రెండేళ్ళు నోట్లో ఉన్నదాన్ని ఎవరు మాత్రం రాయి అనుకుంటారు?

“మేక దగ్గర మోగదు. నరహరి అనుకోంగానే నీ పళ్ళ మధ్య కిటకిటమంటుంది. రెండేళ్ళుగా వింటానే ఉండా. కాపలావాడికి మాత్రం చెవుల్లేవా?” తాత అరచేయి చాచాడు. “ఇట్లా తే.”

“ఒట్టు పెట్టుకున్నా తాతా. వాడు చచ్చేదాకా తీయను.”

“అది ఉంటే వాడు చావడు. తర్వాత నీ ఇష్టం.”

పెంచల కట్ట వైపు చూసింది, ఆయన అరచేయి వైపు చూసింది. చివరికి నోట్లోంచి రాయి తీసి ఆయన చేతిలో పెట్టింది. అరిగి అరిగి చింతగింజంత అయింది. తాత దాన్ని పక్కన పెట్టి, మళ్ళీ గుడ్డ బిగించుకున్నాడు.

“ఇప్పుడు రా.”

ఏడడుగులు వేసింది. చీమ కూడా వినలేదు. తాత వేలు కదల్లేదు. ఎనిమిదో అడుగులో దవడ వణికింది. నాలుక రాయి కోసం తడుముకుంది, అక్కడేమీ లేదు. పెదవి కొరుక్కుని మరో రెండడుగులు వేసింది. తాత భుజం ఇంకా జానెడు దూరంలో ఉంది. చేయి చాచింది.

అప్పుడొక కేక వినబడింది. అది తన గొంతేనని దానికి తెలియడానికి కాస్త సమయం పట్టింది. మేక బెదిరి లేచి నిలబడింది. పెంచల అక్కడే కూలబడిపోయింది.

కరువుతీరా ఏడ్చిందని మనం తేలిగ్గా అనేస్తాం. కరువు తప్ప మరొకటి ఎరగని పిల్ల, అది ఎట్లా ఏడ్చి ఉంటుందో మీరే అనుకోండి. తాత గుడ్డ విప్పుకున్నాడు. ఊరుకోమనలేదు, వీపు నిమరలేదు. లోపలికి పోయి, ఆ రోజుకు తనకున్న ఒక్క ముంతా తెచ్చి దాని ముందు పెట్టాడు.

“తాగు. ఏడ్చేదానికి కూడా నీళ్ళు కావాల.”

ముంతను చూసేసరికి దాని ఏడుపు రెండింతలైంది.

“దీనికోసమే పోయినాడు తాతా. నాకు దాహమంటే పోయినాడు. నేను అడక్కపోయి ఉంటే...”

తాత ముంతను ఇంకాస్త దగ్గరికి జరిపాడు. పెంచల తాగింది. ఏడుస్తూ తాగింది గనుక సగం పొలమారింది. తర్వాత తల ఎత్తి పొద్దు వైపు చూసింది. ఇప్పుడు పరుగు అందుకుంటే ఇంకా అందుతుంది. లేచి మొహం తుడుచుకుంది.

“పో” అన్నాడు తాత. “రాయి తీసినాక నీ ఇష్టమన్నా కదా, నేను మాట తప్పను. ఇప్పుడు నువ్వు ఎవరికీ వినబడవు.”

రెండేళ్ళుగా ఆ ఒక్క మాట కోసమే కాచుకుంది పెంచల. గుమ్మం దాకా నడిచింది. నిజంగానే చప్పుడు లేదు.

“పోయేముందు ఒకటి చెప్పిపో” అన్నాడు తాత వెనకనుంచి. “వాడి పేరు రోజుకు ఏడుసార్లు విన్నా. మీ అన్న పేరేంది?”

పెంచల ఆగిపోయింది. నోరు తెరిచింది. పేరు వెంటనే రాలేదు. అన్న పేరు తలుచుకోవడానికి ఇంత వెతకాలా అని దానికి భయం వేసింది, సిగ్గు కూడా వేసింది.

“ఓబులేసు” అంది చివరికి.

“ఊఁ.”

ఆయన ఆ ఊఁ ఎట్లా అన్నాడంటే, కథ చెప్పేవాళ్ళ ముందు కూర్చుని పిల్లలు కొట్టే ఊఁ లాగా అన్నాడు. పెంచల వెనక్కి తిరిగింది.

“మా ఓబులేసుకు ఈల వేయడం రాదు తాతా. వచ్చునని ఊరంతా బొంకేవాడు. పెదాలు సున్నా చుట్టి ఉఫ్ ఉఫ్ అని ఊదేవాడు. నేను నవ్వితే, చెవిటిదానివి నీకు వినబడదులే పో అనేవాడు.” చెబుతూ చెబుతూ తనే ఫక్కున నవ్వింది, నవ్వి మళ్ళీ ఏడ్చింది.

“ఊఁ” అన్నాడు తాత.

పెంచల గుమ్మంలో కూర్చుంది. పొద్దు నడినెత్తికి వచ్చింది, నీడ కాళ్ళ కిందికి చేరింది. అది ఇంకా చెబుతూనే ఉంది. ఒకచోట ఆగిపోతే, తాత మోకాళ్ళు పట్టుకుని దానికి కాస్త దగ్గరగా జరిగి కూర్చున్నాడు.

“తర్వాత?” అన్నాడు.