కెంపి గెలుపు, చుక్కలదొర కడుపుమంట

గుగ్గిలమెట్ట అడవిలో అడవిదున్నలు, దుప్పులు, కొండముచ్చులు, రేచుకుక్కలు ఉండేవి. అన్నిటికన్నా బలమైనది ఒక చిరుతపులి. జంతువులన్నీ దాన్ని చుక్కలదొర అని పిలిచేవి. అది దారిన వస్తుంటే రేచుకుక్కలు తోక ముడుచుకుని పక్కకు తప్పుకునేవి. వేట దొరకని రోజున అది తిని వదిలేసిన ఎముకలతోనే అవి కాలం గడిపేవి.

ఒక ఎండాకాలం మెట్ట అవతలి నుంచి దుమ్ములగొండ్లు వచ్చి పెద్ద మడుగును ఆక్రమించుకున్నాయి. నీళ్లకు వెళ్లిన దూడలను చంపసాగాయి. జంతువులు చుక్కలదొరకు మొరపెట్టుకున్నాయి.

"నా గుహ పక్కనే ఊట ఉంది. నాకేం కొదవ?" అని అది ఆవలించింది.

అప్పుడు రేచుకుక్కల నాయకురాలు కెంపి అడవిదున్నల పెద్ద దగ్గరకు వెళ్లింది.

"మామా, మీకు కొమ్ములున్నాయి. మాకు పరుగుంది. కలిసి పోరాడదామా?"

"గెలిచాక మా దూడలనే తింటారు మీరు" అని దున్న మూతి తిప్పుకుంది.

"మడుగు దగ్గర ఎవరినీ వేటాడం. మాట తప్పితే మీ కొమ్ములు ఎలాగూ ఉన్నాయి కదా!"

దున్న నవ్వి ఒప్పుకుంది.

యుద్ధం ఘోరంగా జరిగింది. కెంపి తమ్ముడు అందులో ప్రాణాలు విడిచాడు. పొద్దు వాలేసరికి దుమ్ములగొండ్లు ఓడిపోయి ఒక బండ కింద నక్కాయి.

"ఒక్కదాన్నీ వదలొద్దు!" అని కుర్ర రేచుకుక్కలు అరిచాయి.

తమ్ముడి శవం కెంపి కళ్లముందే ఉంది. అయినా అది తల అడ్డంగా ఊపింది. "దాహంతో వచ్చినవాళ్లను దాహంతో తరిమితే మళ్లీ వస్తారు" అంది. దుమ్ములగొండ్ల నాయకుణ్ణి పిలిచి, "సాయంత్రాలు వచ్చి నీళ్లు తాగండి. పిల్లల జోలికి మాత్రం రావద్దు" అని మాట తీసుకుంది.

ఈ కబురు చుట్టుపక్కల అడవులన్నిటికీ పాకింది. ఎక్కడ తగవు వచ్చినా జంతువులు కెంపి దగ్గరకే వచ్చేవి. దాని మాటే ఆఖరి మాట అయింది.

చుక్కలదొరకు కడుపు మండిపోయింది. కొండముచ్చులు దాని గుహ ముందు నుంచే, "పదండి, కెంపి దగ్గరకు పోదాం" అంటూ వెళ్లేవి. దానికి దండం పెట్టడం కూడా మరిచిపోయేవి. వేటాడిన మాంసం నోటికి చేదుగా ఉండేది. నిద్ర పట్టేది కాదు. చెట్టెక్కి, కెంపి చుట్టూ చేరిన గుంపునే చూస్తూ పళ్లు నూరేది.

"నా ఎంగిలి తిన్న కుక్కకు ఇంత మర్యాదా? ఒక్క యుద్ధం గెలిచినందుకేగా! నేనూ ఒకటి గెలిస్తే సరి" అనుకుంది.

వెంటనే పక్క అడవిలోని అడవిపందుల మీద పడింది. వాటిని ఓడించి, వాటి వాగుకు అడ్డంగా కూర్చుంది. "నాకు మొక్కినవాళ్లకే నీళ్లు!" అంది. పందులు భయపడి మొక్కాయి. ఆ తర్వాత నేరుగా కెంపి దగ్గరకు పరుగెత్తాయి.

కెంపి వచ్చి మర్యాదగా మాట్లాడింది. "దొరా, గెలిచారు. కాదనను. ఇక వాగు వదిలేయండి. పందులు మీతో స్నేహంగా ఉండేలా నేను చూస్తాను."

ఆ మాట మంచిదని చుక్కలదొరకూ తెలుసు. కానీ చెప్పింది కెంపి. అదే దాని బాధ.

"నువ్వు ఇప్పించే స్నేహం నాకెందుకే?" అని పంజా విసిరింది. కెంపి తప్పించుకుని వెళ్లిపోయింది.

మర్నాడు పందులు, దున్నలు, రేచుకుక్కలు కలిసి వచ్చాయి. వాటి వెనక దుమ్ములగొండ్లు కూడా ఉన్నాయి. చుక్కలదొర బలంగానే పోరాడింది. కానీ అది ఒంటరిది. చెవి చిరిగింది, కాలు విరిగింది.

వెనక్కి తగ్గుతూ అది దుమ్ములగొండ్ల నాయకుణ్ణి చూసింది. "ఒరేయ్, నిన్ను ఓడించింది ఈ కుక్కే కదా! దాని పక్కన నిలబడ్డావేం?"

"అవును, ఓడించింది. ఆ సాయంత్రమే మా పిల్లలకు నీళ్లూ ఇచ్చింది."

చుక్కలదొర కుంటుకుంటూ ఎండిన కొండల వైపు వెళ్లిపోయింది. దాన్ని ఎవరూ తరమలేదు. కెంపి వద్దని చెప్పింది. ఆ దయే దానికి గాయాలకన్నా ఎక్కువగా మండింది.

నీతి: పోరు గెలిస్తే భయపడతారు, ఓడినవాడి మనసు గెలిస్తే వెంట నడుస్తారు. అసూయపడేవాడికి ఎదుటివాడి గెలుపు కనిపిస్తుంది గానీ, దాని వెనక ఉన్న ఓర్పు కనిపించదు.