కాకిపిల్ల పాస్‌వర్డ్

అనగనగా ఒక అడవి. అడవి అంటే పులులూ పొదలూ మాత్రమే అనుకునేరు. ఆ అడవిలో ఒక బడి ఉండేది. ఆ బడిలో మూడు కంప్యూటర్లు ఉండేవి. నవ్వేవాళ్ళు ఇప్పుడే నవ్వేసుకోండి, తరువాత కథకు అడ్డం రాకండి.

ఆ బడికి పంతులుగారు స్థిరమతి అనే తాబేలు. నడక నెమ్మది, మాట నెమ్మది, కోపం మరీ నెమ్మది. కంప్యూటర్లు ఇచ్చినవారు మృగరాజు దీర్ఘకేసరుడు. ఆయనకు రెండంటే ప్రాణం. ఒకటి బడి, రెండోది తన జూలు. నిజం చెప్పాలంటే రెండోదే కాస్త ఎక్కువ.

కంప్యూటర్ల గది గోడమీద పంతులుగారు మూడు నియమాలు రాయించారు. నీ పాస్‌వర్డ్ నీకు తప్ప ఎవరికీ తెలియకూడదు. తెరమీద కనిపించినదల్లా నిజమని నమ్మి నలుగురికీ పంపకూడదు. తప్పు జరిగితే దాచకూడదు, వెంటనే వచ్చి చెప్పాలి. అంతే. మూడే మూడు.

ఏటి రేవు దగ్గర ఒక పెద్ద తెర కట్టారు. బడిలో పిల్లలు రాసింది ఆ తెరమీద కనిపించేది. నీళ్ళకు వచ్చిన జంతువులన్నీ చదువుకునేవి. చదువు రానివాళ్ళకు పక్కవాళ్ళు చదివి పెట్టేవాళ్ళు.

ఇక మన కథానాయిక. పేరు కజ్జలి. కాకిపిల్ల. కాకుల్లో బడికి వచ్చిన మొట్టమొదటి పిల్ల. అంతకుముందు కాకులను రానిచ్చేవారు కాదు. కాకి నోట్లో మాట ఆగదు, గోల భరించలేం అని మిగతా జంతువులన్నీ ముక్కు విరిచేవి. పంతులుగారు మూడేళ్ళు బతిమాలితే రాజుగారు ఒక్క చోటు ఇచ్చారు. ఏడాదిపాటు ఈ పిల్ల బుద్ధిగా ఉంటే మిగతా కాకిపిల్లలకూ చోటిస్తాను, లేకపోతే ఇంతే సంగతులు అన్నారు.

కజ్జలి సాయంత్రం ఇంటికి వెళ్ళేసరికి నలభై కాకిపిల్లలు కొమ్మలమీద వరుసగా కూర్చుని ఎదురుచూసేవి. పగలు తాను నేర్చుకున్నదంతా వాటికి చెప్పేది. అవి నోళ్ళు తెరుచుకుని వినేవి. అక్కా, మేమెప్పుడు వస్తాం బడికి అని అడిగేవి. ఏడాది నిండనీయండి అనేది కజ్జలి. పాపం, ఆ పిల్లల చదువంతా ఈ పిల్ల నెత్తిమీదే ఉంది.

సరే, కాకి సంగతి మీకు తెలుసు కదా. మెతుకు కనిపిస్తే ఒంటరిగా తినదు. కావు కావుమని పదిమందినీ పిలుస్తుంది. మంచి గుణమే. కానీ కంప్యూటర్ ముందు కూర్చున్నప్పుడు ఆ గుణమే కొంప ముంచింది.

ఒకనాడు కజ్జలికి తెరమీద ఒక కబురు కనిపించింది. ఎర్రకొండ మీద మూడు బస్తాల జొన్నలు ఆరబోసి ఉన్నాయట. ఈ కబురు పదిమందికి పంపినవారికే ఆ జొన్నలు దక్కుతాయట. ఇంకేముంది. కజ్జలి వెనకా ముందూ చూడలేదు. ముక్కుతో టకటకా కొట్టి కబురును రేవు తెరమీద పెట్టేసింది.

కాకులన్నీ రివ్వున లేచి ఎర్రకొండకు పోయాయి. మండుటెండ. కొండమీద జొన్నలు లేవు, జొన్నల నీడ కూడా లేదు. రాళ్ళున్నాయి. గొంతులు ఎండిపోయి కిందికి వచ్చాయి. ముసలి కాకి తాత రెక్క బెణికి మూడు రోజులు గూట్లోంచి కదల్లేదు.

కజ్జలి ఏడుస్తూ పంతులుగారి దగ్గరకు వెళ్ళింది. ఆయన తిట్టలేదు. ఇకమీదట ఏ కబురు చూసినా మూడు ప్రశ్నలు వేసుకోమన్నారు. చెప్పింది ఎవరు? వాళ్ళు కళ్ళారా చూశారా? ఇంకెవరైనా అదే మాట చెబుతున్నారా? తాత రెక్క చూసినప్పుడల్లా కజ్జలి ఆ మూడూ మననం చేసుకునేది. ఇక మరిచిపోలేదు.

రెండు నెలలు గడిచాయి. ఒకనాడు ఇంకో కబురు వచ్చింది. ఏటి నీళ్ళు విషమైపోయాయి, ఎవరూ తాగవద్దు అని. అడవి అంతా గగ్గోలు. లేళ్ళు దాహంతో నాలుకలు వేలాడేస్తున్నాయి గానీ రేవులో దిగడానికి జంకుతున్నాయి. కజ్జలి మాత్రం గోల చేయలేదు. చెప్పింది ఎవరని వెతికితే ఊరూ పేరూ లేదు. చూసినవాళ్ళు లేరు. ఏటి ఎగువన ఉండే చేపలను అడిగితే, విషమైతే మేమిలా ఈదుతామా అని నవ్వాయి. కజ్జలి తిరిగొచ్చి తెరమీద రాసింది, అది ఉత్త పుకారు, నీళ్ళు హాయిగా తాగండి అని.

అడవి గుండె కుదుటపడింది. పంతులుగారు ఎంతో మురిసిపోయారు. ఇకనుంచి రేవు తెరమీద రాసే పని కజ్జలిదే, ఇంకెవరి పేరుతోనూ అక్కడ రాయడం కుదరదు అని ఏర్పాటు చేశారు. ఆ సాయంత్రం కాకిపిల్లలు చేసిన సందడికి చెట్లు ఊగాయి.

అందరూ సంతోషించారా? లేదు. కలకంఠికి ఒళ్ళు మండింది.

కలకంఠి కోకిలపిల్ల. అదే తరగతి. గొంతులో తేనె, మనసులో మంట. ఇంత చక్కని గొంతు నాకుండగా ఆ నల్లముక్కుదాన్ని నెత్తికెక్కించుకుంటారా అని కుళ్ళుకుంది. నువ్వు మాత్రం తెల్లగా ఉన్నావా తల్లీ అని అడిగేవాళ్ళు లేకపోయారు.

మరునాడు కలకంఠి కజ్జలి పక్కన చేరింది. అక్కా అక్కా అంటూ వంక పెట్టడానికి వీల్లేనంత తియ్యగా మాట్లాడింది. తన పాట ఒక్కసారి ఆ పెద్ద తెరమీద చూడాలని వాళ్ళమ్మ కోరికట. నీ పాస్‌వర్డ్ చెబితే నేనే రాసుకుంటాను, నీకెందుకు శ్రమ అంది.

కజ్జలి గోడవైపు చూసింది. మొదటి నియమం కళ్ళెదుటే ఉంది. కానీ ఉన్నది దాచుకుని తినడం పుట్టి ఎరగని జాతి కదా. ఎదుటివాళ్ళు అడిగితే లేదనడం చేతకాలేదు. ఒక్కసారికే కదా అనుకుని చెవిలో చెప్పేసింది. ఆ మాట ఏమిటో మీకు చెప్పను. చెబితే ఈ కథ చెప్పి ఏం లాభం?

రెండు రోజుల తరువాత, మధ్యాహ్నం అన్నాల వేళ దాటాక, కజ్జలి ఆనాటి వార్త రాద్దామని కంప్యూటర్ ముందు కూర్చుంది. తెర చూసింది. అక్కడ తన పేరుతో ఇలా రాసి ఉంది: రాజుగారి జూలు సగం కొబ్బరిపీచు.

పిల్లకు పైప్రాణాలు పైనే పోయాయి. తాను రాయలేదు. కానీ కింద పేరు తనదే. రేవు దగ్గర అప్పటికే ఎవరైనా చూశారో లేదో తెలియదు.

ముందు ఒక ఆలోచన వచ్చింది. గబుక్కున చెరిపేస్తే? గదిలో ఎవరూ లేరు. వెనకే ఇంకో ఆలోచన వచ్చింది. కంప్యూటర్‌కు పిచ్చిపట్టి అదే రాసుకుందని చెబితే? చాలామంది నమ్ముతారు కూడా. మూడో ఆలోచన రావడానికి కాస్త సమయం పట్టింది. రాగానే కజ్జలి దేన్నీ ముట్టుకోకుండా లేచి తిన్నగా పంతులుగారి దగ్గరకు ఎగిరింది.

జరిగిందంతా చెప్పింది. పాస్‌వర్డ్ కలకంఠికి ఇచ్చానని కూడా చెప్పింది.

"ఆమే రాసిందని నువ్వు చూశావా?" అని అడిగారు పంతులుగారు.

"చూడలేదు పంతులుగారూ."

"అయితే ఆ మాట మనం అనకూడదు. చూసిందే చెప్పాలి."

ఆయన ముందు ఆ రాతను తీయించారు. ఏం లాభం? అప్పటికే రేవులో నీళ్ళు తాగుతున్న వాళ్ళంతా చదివేశారు. గంట తిరక్కముందే కబురు రాజుగారి గుహకు చేరింది. మిగతా దేన్నైనా ఓర్చుకునేవారు, జూలును అన్నారని ఆయన అగ్గిమీద గుగ్గిలమయ్యారు. రేపు మధ్యాహ్నం నేనే వస్తాను, ఆ కాకి పేరు నా పంజాతో కొట్టేస్తాను, ఇక ఏ కాకికీ నా బడిలో చోటు లేదు అని చాటించారు.

ఆ మాట విని కజ్జలి కూలబడింది. తన చదువు పోతుందన్న బాధ కంటే ఆ నలభై మందికి ఏమని చెప్పాలన్న బాధే ఎక్కువైంది. వెక్కివెక్కి ఏడ్చింది. పంతులుగారు ఏడవనిచ్చారు. తరువాత నెమ్మదిగా, ఇప్పుడేం చేద్దామంటావు అని అడిగారు.

కజ్జలి కళ్ళు తుడుచుకుని ఆలోచించింది. కాకి గూట్లో కోకిల గుడ్డు పెట్టిపోవడం కాకులకు కొత్త కాదు. కజ్జలి వాళ్ళమ్మ అలాంటివి నాలుగు పొదిగింది. ఒకసారి గూడు సులువుగా దొరికితే పెట్టినవాళ్ళు మళ్ళీ అక్కడికే వస్తారని వాళ్ళమ్మ చెబుతుండేది.

"పంతులుగారూ, రాసినవాళ్ళెవరైనా సరే, మళ్ళీ వస్తారు. నేను పాస్‌వర్డ్ మార్చేస్తాను. పాతది కొట్టినవాళ్ళు దొరికిపోయేలా ఏమైనా చేయగలమా?"

పంతులుగారి ముఖం విప్పారింది. కజ్జలి కొత్త పాస్‌వర్డ్ పెట్టుకుంది. ఆయన ఎన్నడూ లేనంత చురుగ్గా కంప్యూటర్ ముందు కూర్చుని ఒక ఏర్పాటు చేశారు. కజ్జలి పేరుతో మూడుసార్లు తప్పు పాస్‌వర్డ్ కొడితే ఆ కంప్యూటర్ అక్కడికక్కడే బిగుసుకుపోతుంది, బడి గంట దానంతటదే మోగుతుంది. ఈ సంగతి వాళ్ళిద్దరికే తెలుసు. ఈసారి కాకి నోట్లో మాట ఆగింది చూశారా.

మరునాడు మధ్యాహ్నం రాజుగారు వచ్చారు. జూలు నున్నగా దువ్వుకుని మరీ వచ్చారు. బడి ముంగిట పిల్లలంతా వరుసగా నిలబడ్డారు. కంచె మీద నలభై కాకిపిల్లలు కిక్కురుమనకుండా కూర్చున్నాయి. పిల్లల పేర్ల పట్టీ తెప్పించి రాజుగారు పంజా ఎత్తారు.

"చెప్పుకునేది ఏమైనా ఉందా?" అని గర్జించారు.

కజ్జలి ముందుకు వచ్చింది.

"ఆ మాట నేను రాయలేదు మహారాజా. కానీ నా పాస్‌వర్డ్ ఇంకొకరికి ఇచ్చాను. అది నా తప్పే. శిక్ష నాకు వేయండి. ఆ పిల్లలకు వేయకండి."

రాజుగారు ఒక క్షణం కంచెవైపు చూశారు. ఎత్తిన పంజా దించలేదు, అలాగని కొట్టనూలేదు.

సరిగ్గా అప్పుడే బడి గంట గణగణా మోగింది.

అందరూ ఉలిక్కిపడ్డారు. గంట తాడు దగ్గర ఎవరూ లేరు. పంతులుగారు చిన్నగా నవ్వి, మహారాజా, ఒక్కసారి కంప్యూటర్ల గదిలోకి దయచేయండి అన్నారు. రాజుగారు రెండంగల్లో వెళ్ళి తలుపు తోశారు.

లోపల కలకంఠి ఉంది. ఇంకొక్క చెడ్డమాట రాసేస్తే కజ్జలి పని పూర్తిగా అయిపోతుందని, అందరూ ముంగిట్లో ఉన్న అదను చూసుకుని వచ్చింది. పాత పాస్‌వర్డ్ కొట్టింది. తెరుచుకోలేదు. పొరపాటున కొట్టానేమోనని మళ్ళీ కొట్టింది. తెరుచుకోలేదు. కసిగా మూడోసారి కొట్టింది. గంట మోగింది.

రాజుగారిని చూసి బెదిరిపోయి, నా పాఠం చదువుకుంటున్నాను మహారాజా అంది, ఎప్పటిలాగే తియ్యగా.

రాజుగారు తెరవైపు చూశారు. అక్కడ పెద్ద అక్షరాలతో ఒకే పేరుంది. ఆయన దాన్ని చదివి, కోకిలవైపు తిరిగి, మెల్లగా అడిగారు.

"నువ్వు కజ్జలివా?"

అంత చక్కని గొంతులోంచి ఏడుపు ఒక్కటే వచ్చింది. తల వేలాడిపోయింది. జరిగిందంతా ఒప్పుకుంది.

రాజుగారు కలకంఠిని బడిలోంచి గెంటేయబోయారు. పంతులుగారు అడ్డుపడ్డారు. తప్పు చేసిన పిల్లలనందరినీ గెంటేస్తే ఇక బడి ఎవరికోసం మహారాజా అన్నారు. దానికి బదులు మూడు నెలలు కలకంఠి కంప్యూటర్ ముట్టుకోకూడదని, ఆ మూడు నెలలూ గది ఊడ్చి తుడవాలని తీర్పు చెప్పారు. నియమం తప్పినందుకు కజ్జలికీ శిక్ష పడింది. వారం రోజులు కంప్యూటర్ బంద్. తల వంచి సరేనంది. పంతులుగారు పక్షపాతం ఎరగనివారు, అందుకే ఆయన పంతులుగారు.

అప్పుడు రాజుగారు పేర్ల పట్టీ మళ్ళీ అందుకున్నారు. కజ్జలి పేరు దగ్గర పంజా ఆనించారు. కొట్టేయలేదు. దాని కింద ఇంకా ఎంత ఖాళీ ఉందో చూశారు.

"పాస్‌వర్డ్ ఇచ్చిన సంగతి దాచుకున్నా ఎవరికీ తెలిసేది కాదు. అయినా వచ్చి చెప్పింది. నా బడికి కావలసింది ఇలాంటి పిల్లలే. కంచెమీద కూర్చున్న ఆ పిల్లలేరీ, ఒక్కొక్కరే వచ్చి పేర్లు చెప్పండి!"

ఏడాది నిండేదాకా ఆగే పని లేకపోయింది. నలభై కాకిపిల్లలూ ఒక్క పెట్టున కంచె దిగాయి. ఆ గోలకు రాజుగారు చెవులు మూసుకున్నారు గానీ, ఒక్కరినీ ఆగమనలేదు. నలభై పేర్లూ రాసేసరికి పొద్దు వాలింది. కజ్జలి వాళ్ళమ్మ పిల్లను రెక్కల్లో పొదువుకుని ఆనందంతో ఏడ్చేసింది. ఆ రోజునుంచి అడవిలో కాకుల గోలను ఎవరూ గోల అనలేదు, చదువు అన్నారు.

కాబట్టి పిల్లలూ, ఉన్న తిండి పదిమందికీ పంచండి, పాస్‌వర్డ్ మాత్రం ఎవరికీ పంచకండి. తప్పు జరిగితే చెరిపేసి దాచుకోకుండా ముందుగా వెళ్ళి చెప్పినవాళ్ళే తలెత్తుకుని నిలబడతారు.