వన్నూరమ్మ నోరు విప్పలేదు

గుంతకల్లులో ఒక ఆడపిల్లల కాలేజీలో వన్నూరమ్మ అనే పొగరుబోతు గోల్‌కీపర్ ఉండేది. చేతులు బంగారం, మైదానంలో నోరు మాత్రం పెగలదు. మూగదనుకునేరు! హాస్టల్లో కూచుంటే ఆమె కబుర్లకు కంచంలో అన్నం చల్లారిపోయేది. ఆటలోకి దిగితేనే మూతి బిగించేది.

ఫుట్‌బాల్‌లో కీపర్‌కు ఒక పద్ధతి ఉంది. పైనుంచి వచ్చే బంతి కోసం గోలు వదిలి ముందుకు వస్తే, 'నాది!' అని గట్టిగా అరవాలి. అప్పుడు ముందున్న మనవాళ్లు పక్కకు తప్పుకుంటారు. పాపం, వాళ్ల కళ్లు బంతి మీద ఉంటాయి, వీపు కీపర్ వైపు ఉంటుంది. వెనక ఎవరొస్తున్నారో వాళ్లకు ఎలా తెలుస్తుంది? చెవితో వినాల్సిందే.

ఆటలు నేర్పే జయలత మేడం ఈ సంగతి మొదటి రోజు నుంచీ చెబుతూనే ఉండేది.

"అరవవే తల్లీ! నీ సొమ్మేం పోతుంది?"

"బంతి పట్టేది చేతుల్తో గదా మేడం, నోటితోనా?" అనేది వన్నూరమ్మ.

పిల్లలంతా కిసుక్కున నవ్వేవాళ్లు. ఆ నవ్వుకు ఆమెకు ఇంకాస్త పొగరెక్కేది. అరవడం చేతకానివాళ్ల పని అని ఆమె నమ్మకం.

పాత కీపర్ చదువు ముగించి వెళ్లాక, రెండో ఏడు గ్లౌజులు వన్నూరమ్మకు వచ్చాయి. ఆరు మ్యాచ్‌లు ఆడితే ఒక్క గోలే పడనిచ్చింది. పేపర్లో ఫోటో కూడా పడింది. ఇంకేముంది, మేడం మాటలు చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టే అయ్యాయి.

ఆమెకు ముందు నిలబడి గోలు కాచే అమ్మాయి పేరు షమీమ్. ఇద్దరూ ప్రాణస్నేహితులు, హాస్టల్లో ఒకే గది. షమీమ్‌కు ఒకటే ఆశ, మేడంలాగా తానూ ఆటల టీచర్ కావాలని. యూనివర్సిటీ జట్టులో చోటు దొరికితే ఆ చదువుకు సీటు వస్తుంది. వాళ్ల నాన్న సొంతూళ్లో రైల్వే స్టేషన్ బయట పళ్లు అమ్మేవాడు. "ఈ ఏడు నీ పేరొస్తే చదువుకో బేటీ, రాకపోతే ఇంక నా చేత కాదు" అనేశాడు.

కాలేజీల పోటీ ఫైనల్ రోజున యూనివర్సిటీ జట్టును ఎంపిక చేసే పెద్దలు వచ్చి కుర్చీల్లో కూచున్నారు. షమీమ్ ఆ రోజు ఎంత బాగా ఆడిందనీ! అవతలివాళ్లను ఒక్కర్నీ దాటనివ్వలేదు. పెద్దల్లో ఒకాయన ఆమె పేరు అడిగి రాసుకున్నాడు. సగం ఆట అయ్యాక మేడం ఆ మాట ఆమె చెవిన వేసింది. షమీమ్‌కు కళ్ల నీళ్లు తిరిగాయి. వెళ్లి వన్నూరమ్మ చెయ్యి పట్టుకుంది.

"ఇంకాసేపు బాగా ఆడితే చాలే. నేను బయటపడతా" అంది.

"నేనుండగా నీకేం భయమే? పద" అంది వన్నూరమ్మ.

ఆట ఇంకో ఐదు నిమిషాలుందనగా అవతలివాళ్లు మూలనుంచి తన్నిన బంతి పైకి లేచింది. షమీమ్ దాన్నే చూస్తూ వెనక్కి వెనక్కి వచ్చింది. వన్నూరమ్మ గోలు వదిలి ముందుకు ఉరికింది. ఉరికింది గానీ నోరు విప్పలేదు. షమీమ్ ఎగరబోతూ ఒంటికాలి మీద ఉంది. వన్నూరమ్మ బరువంతా వచ్చి ఆ మోకాలి మీద పడింది. టక్కుమని చప్పుడైంది. బంతి వన్నూరమ్మ చేతుల్లోనే ఉంది. గోల్ పడలేదు, మ్యాచ్ కూడా గెలిచారు. షమీమ్ మాత్రం లేవలేదు.

"నడుస్తుంది గానీ, ఆటలు మరిచిపోండి" అన్నాడు డాక్టర్.

వారానికి యూనివర్సిటీ జట్టు పేర్లు వచ్చాయి. అందులో వన్నూరమ్మ పేరుంది, షమీమ్ పేరు లేదు. వన్నూరమ్మ ఆ రోజే రైలెక్కి షమీమ్ వాళ్ల ఊళ్లో ఇంటికి వెళ్లింది. ఆమె పాదాలు పట్టుకుని వలవలా ఏడ్చింది.

"నన్ను తిట్టవే! చెప్పు తీసుకొని కొట్టవే!" అంది.

షమీమ్ తిట్టలేదు.

"నువ్వొస్తాండావని తెలిసింటే తప్పుకునేదాన్ని గదే" అని మాత్రం అంది. కాసేపటికి గోడవైపు తిరిగింది. "నువ్వు బాగా ఆడాల. నా దగ్గరికి మాత్రం ఇంక రావాకు. నిన్ను చూస్తే నాకు ఏడుపొస్తాది."

యూనివర్సిటీ జట్టులో చేరాక వన్నూరమ్మ ప్రతి బంతికీ గొంతు బొంగురుపోయేలా అరిచేది. అందరూ మెచ్చుకునేవాళ్లు. మెచ్చుకున్నప్పుడల్లా ఆమె ఒక మూలకు పోయి ఏడ్చేది. చేతులు కాలాక ఆకులు పట్టుకుంటే ఏం లాభం? షమీమ్ మళ్లీ కాలేజీ గడప తొక్కలేదు. వాళ్ల నాన్న పక్కన స్టూలు వేసుకుని పళ్లు తూచి ఇస్తోంది.

పిల్లలూ, ఎంత పనితనం ఉన్నా, పక్కవాళ్లకు చెప్పాల్సిన మాట పొగరుతో చెప్పకపోతే, ఆ దెబ్బ మనల్ని నమ్మి ముందు నిలబడ్డవాళ్లకే తగులుతుంది.