వణికే చేతుల నిబ్బరగౌరి వ్రతకథ

పూజ ముగిసినది. ఇక అందరును అక్షతలు చేతబట్టుకొని కథ వినుడు. మధ్యలో లేచిపోరాదు. చదువుకొను పిల్లలు ముందునకు వచ్చి కూర్చుండుడు. ఒడిలో పుస్తకము దాచుకొని వచ్చినవారుందురు, నాకు తెలియును. దానిని లోపల పెట్టి రండు. కథ ముగియులోపల అది ఎక్కడికిని పారిపోదు.

పూర్వము తుంగభద్రా తీరమున ఆశ్రమము కట్టుకొనియున్న ఆర్ద్రకేతుడను ముని, తన యింటికి వచ్చిన స్థిరవాక్కను మహర్షికి కాళ్లు కడిగి, కడుపునిండ భోజనము పెట్టి, విసనకఱ్ఱతో విసరుచు ఇట్లడిగెను. మహర్షీ, నా శిష్యులు మామూలు దినములలో పాఠమును చిలుకలవలె వల్లింతురు. పరీక్ష దినము వచ్చినంతనే ఒకనికి కడుపులో తిప్పును, ఒకనికి అరచేతులు చెమర్చును, ఒకనికి గుండె దడదడలాడి నోట తడి యారిపోవును. జ్వరమా యన్న ఒళ్లు చల్లగానే యుండును. దిష్టి తీసితిని, తాయెత్తులు కట్టితిని, తిట్టితిని. ఏదియు పనిచేయలేదు. ఈ బాధ తీరు ఉపాయమేదైన నున్నచో సెలవిండని ప్రార్థించెను.

స్థిరవాక్కు పకపక నవ్వి, నీ శిష్యులకేనా, మొన్న రాజసభలో ఆశీర్వచనము చెప్పునపుడు నీ చేతి కమండలము గడగడలాడుట నేను చూడలేదనుకొంటివా, అనెను. ఆర్ద్రకేతుడు విసరుట మాని తలవంచుకొనెను. అంతట మహర్షికి జాలి కలిగి, సిగ్గుపడకుము, ఇది దేహమున్న ప్రతివానికిని వచ్చునదే, దీనికి నిబ్బరగౌరీ వ్రతమని యొకటి కలదు, వినుమని ఇట్లు చెప్పసాగెను.

మందారవాడ యను పట్టణమున ఒక వైద్యశాల యుండెను. అక్కడ ఆడపిల్లలును మగపిల్లలును ఒకే చావడిలో కూర్చుండి మూలికలను గుర్తుపట్టుటయు, నాడి చూచుటయు నేర్చుకొనుచుండిరి. ఏటేట ఊరి పెద్దల సభలో పరీక్ష జరుగును. పెద్దలు ఒక మూలికను చేతికిత్తురు. విద్యార్థి దానిని పైకెత్తి అందరికి చూపి, పేరును గుణమును చెప్పవలెను. తప్పినవారికి మరుసటి ఏడు మరల అవకాశ మిత్తురు. అప్పుడును తప్పినచో మూట కట్టుకొని ఇంటికి పోవలసినదే.

ఆ చావడిలో కుముదిని యను పిల్ల యుండెను. ఆమెది ఏటి ఆవలి లంక గ్రామము. వానకాలమున ఏరు పొంగినచో అక్కడికి వైద్యుడు రాలేడు. అట్టి వానకాలముననే కుముదిని తమ్ముడు జ్వరముతో పోయెను. అందుచేత ఊరివారందరు ఏకమై, మా పిల్లయే వైద్యురాలై రావలెనని ఆమెను చదువునకు పంపిరి. ఆ సంగతి ఆమె అన్నము తినునపుడును మరువలేదు.

పరీక్ష దగ్గరపడగా ఆమెకు కడుపు తిప్పసాగెను. కడుపు తిప్పుచున్నదని అన్నము మానెను. అన్నము మానినందున కళ్లు తిరిగెను. కళ్లు తిరుగుటచే చదివినది తలకెక్కలేదు. తలకెక్కలేదని నిద్ర మానెను. చూచితివా ఆర్ద్రకేతా, ఎంత తెలివైన పిల్లయో. తోటివారు అడిగినచో ఉపవాసమున్నానని చెప్పెను. పాపము, వారును భక్తురాలని మెచ్చుకొనిరి. సభలో పెద్దలు ఒక వేరును చేతికీయగా చేయి వణికెను. వణకుట అందరును చూచిరేమోనను తలంపుతో మరింత వణికెను. వేరు క్రింద పడెను. దినమును నూరెడి వేరే, అయినను పేరు నోట పలుకలేదు. అట్లు ఆమె మొదటి పరీక్ష తప్పెను.

మరునాడు కుముదిని అరుగుపై కూర్చుండి యుండగా, గౌరీదేవి ముసలి ముత్తైదువ రూపమున వచ్చి మజ్జిగ అడిగెను. మజ్జిగ త్రాగి మూతి తుడుచుకొని, ఎందుకేడ్చితివని యడిగెను. కుముదిని ఏమియు లేదనెను.

“ఏమీ లేకపోతే ఆ చెయ్యి కొంగులో ఎందుకు దాచావే?” అని ముసలమ్మ యడిగెను.

కుముదిని చేయి బయటికి తీసి చూపెను. అంతట ముసలమ్మ ఆమెకు వ్రతవిధానము చెప్పెను. శుక్రవారమునాడు పసుపుముద్దతో గౌరమ్మను చేసి దీపము పెట్టవలెను. దీపమున కెదురుగా కూర్చుండి, వత్తి వెలుగు కదలనంత మెల్లగా ఊపిరి విడువవలెను. పీల్చుటకంటె విడుచుట నిదానముగా నుండవలెను. వెలుగు కదలినచో తన్ను తాను తిట్టుకొనక మరల విడువవలెను. పిమ్మట లేచి, బిగిసిన కాళ్లు సాగునట్లు ప్రదక్షిణములు చేయవలెను. పెరుగన్నము నైవేద్యము పెట్టి తాను తినవలెను, ఉపవాసముండినచో ఈ దేవికి కోపము వచ్చును. దీపము కొండెక్కినపిమ్మట పుస్తకము ముట్టక నిద్రపోవలెను. ఇట్లు వారము వారము చేసి, పరీక్షకు ముందు నానిన సెనగలు వాయనమీయవలెను. ఇచ్చునపుడు, భయము తన దేహమున ఎక్కడెక్కడ కూర్చున్నదో పుచ్చుకొనువారికి దాచక చెప్పవలెను. అది చెప్పనిచో వ్రతము ఫలింపదని చెప్పి ముసలమ్మ వెడలిపోయెను.

కుముదిని అన్నియు తు.చ. తప్పక చేసెను. కొన్ని వారములకు కడుపు నెమ్మదించెను, నిద్ర పట్టెను, చదివినది నిలిచెను. కాని వాయనమిచ్చు దినము వచ్చునప్పటికి సిగ్గు ముంచుకొని వచ్చెను. వైద్యురాలు కావలసినదానికి చేతులు వణుకునని తెలిసినచో నాకెవరు నాడి చూపింతురు, అని తలచెను. పుచ్చుకొనుటకు ఎవరును దొరకనినాడు వాయనమును తులసికోట వద్ద పెట్టుట ఆచారమే కదా యని, చావడినిండ ఆడపిల్లలుండగా సెనగలు తీసికొనిపోయి తులసమ్మ ముందు పెట్టెను. తులసమ్మ ఎవరికిని చెప్పదని ఆమె ధైర్యము. అక్కడను నిజము పలుకక, తల్లీ అంతయు బాగున్నదని చెప్పి వచ్చెను.

దాని ఫలితము చూడుము. మరునాడు గురువు చావడిలో మాదిరి సభ పెట్టి ఆమెను లేపెను. లేచినంతనే గుండె తప్పెట కొట్టినట్లు కొట్టుకొనెను, రొమ్ము బిగిసెను, వేళ్లు తిమ్మిరెక్కెను. ఇదే నా చావు గాబోలునని ఆమె భయపడి చావడి విడిచి పరుగెత్తెను. ఇక చదువు వద్దనుకొని, ఎవరికిని చెప్పక మూట కట్టుకొని, త్రోవలో తినుటకు మిగిలిన సెనగలు కొంగున ముడివేసికొని, లంకకు పోవు పడవ కొఱకు రేవునకు చేరెను.

రేవు మెట్లమీద ఒకతె వంగి వాంతి చేసికొనుచుండెను. చూడగా ఆమె తోటి విద్యార్థిని శారిక. చావడిలో అందరికంటె మొదట నిలుచునది, సభలో తొణకక బెణకక మాటాడునది. కుముదిని మూట క్రింద విడిచి, నేర్చిన అలవాటున ఆమె మణికట్టు పట్టి నాడి చూచెను. అది పరుగులు పెట్టుచుండెను. ఆ పరుగు కుముదినికి క్రొత్త కాదు. అప్పుడామెకు తాను చేసిన తప్పు తెలిసెను. పడవవాడు కేకవేయుచున్నను పోక, మెట్లమీదనే కూర్చుండి కొంగుముడి విప్పి సెనగలు శారిక దోసిట పోసెను.

“ఇస్తినమ్మా వాయనం,” అనెను. “నా చేతులు వణుకుతాయి శారికా. గుండె నోట్లోకి వస్తుంది. పోయిన ఏడు ఆ వేరు పేరు నేను మరిచిపోలేదు, నోరెండిపోయి పలకలేకపోయాను. ఇవాళైతే చచ్చిపోతాననే అనుకున్నాను.”

శారిక సెనగల దోసిలిని గుండెకు చేర్చుకొనెను.

“పుచ్చుకుంటినమ్మా వాయనం,” అనెను. “పరీక్ష అన్న మాట వింటే చాలు, నాకు కడుపులో ఏదీ నిలవదు. ఈ జబ్బు నాకొక్కదానికే ఉందనుకుని, ఎవరూ చూడకుండా ఇంత దూరం వచ్చి కక్కుకుంటాను.”

కుముదిని ఆచారము ప్రకారము, నా వాయనము అందుకొన్నదెవరని యడిగెను. శారిక కన్నీళ్లు తుడుచుకొని, నేనేనమ్మా గౌరీదేవిని అనెను. ప్రతి పేరంటమునను అందరు అనెడి మాటయే. ఆ దినము మాత్రము అది నిజమైనది ఆర్ద్రకేతా, దేవి ఆ పిల్ల కంఠములో నిలిచి పలికెను. పడవ వెళ్లిపోయెను. ఇద్దరును సెనగలు పంచుకొని తిని చావడికి తిరిగి నడిచిరి.

పరీక్ష దినమున ఇద్దరును ఒకచోట కూర్చుండి పెరుగన్నము తిని సభకు పోయిరి. పెద్దలు ఎండిన కొమ్మ నొకదానిని కుముదిని చేతికిచ్చిరి. చేయి మరల వణికెను. సభాధ్యక్షుడు చూచి, పోయిన ఏటి వణుకే వచ్చినదా యని పరిహాసముగా నడిగెను. సభ అంతయు ఆమెవంక చూచెను. కుముదిని చేయి దాచుకొనలేదు.

“వణుకుతోందండీ,” అనెను. “కాసేపటికి దానంతటదే తగ్గుతుంది. ఈలోగా తమరు అడగదలచింది అడగండి.”

అట్లు పలికి, మెల్లగా ఊపిరి విడిచి, వణుకుచున్న చేతితోనే కొమ్మను పైకెత్తి, ఇది నేలవేము, దీని కషాయము జ్వరములకు ఇత్తురని చెప్పెను. పెద్దలు ప్రశ్నమీద ప్రశ్న వేసిరి. చేయి ఎప్పుడు కుదుటపడెనో ఆమెయే గమనింపలేదు. కుముదిని నెగ్గెను, శారికయు నెగ్గెను. లంకవారు పడవకు మామిడాకులు కట్టుకొని వచ్చి తమ వైద్యురాలిని తీసికొనిపోయిరి. ఆ ఏడు జ్వరపడిన పిల్లలందరును ఆమె చేతిమీదుగా తేరుకొని వీధులలో ఆడుకొనిరి.

కొంతకాలమునకు మందారవాడ మంత్రియగు గజవర్మకు ఈ వ్రతము సంగతి తెలిసెను. ఆయన కుమారుడు సుదంతుడు శాస్త్రపరీక్షకు పోవలసియుండుటచే మహావైభవముగా వ్రతము చేయించెను. సుదంతుడు వెండిపళ్లెములలో ఊరందరికిని వాయనము లిచ్చి, నాకేమి, నా దేహము వజ్రమని ప్రతివారితోను చెప్పెను. సభలో లేచినంతనే గొంతు పూడిపోయి, ఊపిరాడక కూలబడెను. గజవర్మ మండిపడి, వ్రతము బూటకమని పలికి, కుముదినిని పిలిపించెను. ఆమె నాడి చూచి, రోగము లేదు, ఇతడు ఎవరికి చెప్పుటకు అందరికంటె ఎక్కువగా భయపడుచున్నాడో వారికి వాయనమీయలేదు, అని చెప్పెను. ఇంటివారందరును గజవర్మవంక చూచిరి.

సుదంతుడు సెనగలు పట్టుకొని తండ్రి ముందు నిలిచి, తనకు భయముగా నున్నదనియు, లేచి నిలువగానే గొంతు పట్టుకొనుననియు అతి కష్టముమీద చెప్పెను. గజవర్మ మీసములు దువ్వుకొనబోయి, చేయి దించి, కొడుకు దోసిలి పట్టుకొనెను.

“రాజుగారి దగ్గర్నుంచి పిలుపొచ్చినప్పుడల్లా నా మోకాళ్లు ఒకదానికొకటి కొట్టుకుంటాయిరా అబ్బాయీ,” అనెను. “మీ తాతగారికి చెప్పుకోలేక ఈ మీసాలు పెంచాను.”

వాయనము అందుకొన్నదెవరని కొడుకు అడుగగా, ఆ మీసముల మంత్రి, నేనేరా, గౌరీదేవిని, అనెను. ఎవరును నవ్వలేదు. మరుసటి పరీక్షలో సుదంతుడు నెగ్గెను.

కనుక ఆర్ద్రకేతా, ఈ వ్రతమును చదువుకొనువారు చేయవలెను. చదువు చెప్పువారు మరి రెండు మారులు చేయవలెను. పిల్లలను పరీక్షకు పంపి వాకిట కాలుగాలిన పిల్లివలె తిరుగు తల్లిదండ్రులు తప్పక చేయవలెను. మొదటిసారి పెండ్లి చేయించు పురోహితుడును, మొదటిసారి కచేరీకి కూర్చున్న గాయకుడును చేయవచ్చును. చేసినవారికి ఆకలి పుట్టును, నిద్ర పట్టును, చదివినది సమయమునకు నోటికి వచ్చును, తోడు దొరకును. వ్రతము చేసినను బాధ విడువనిచో వైద్యుని యొద్దకు పోవలెను, అది వ్రతభంగము కాదు, దేవికి కోపమును రాదు. ఇట్లు పలికి స్థిరవాక్కు విశ్రమించెను. ఆర్ద్రకేతుడు వెంటనే లేచి శిష్యులను పిలిచి సెనగలు నానబెట్టించెను. మొదటి వాయనము తానే ఇచ్చెను.

కథ విన్న పిల్లలారా, ఈ వ్రతము చేసినవారికి వణుకు రాదని ఏ మునియు చెప్పలేదు, నేనును చెప్పను. వచ్చును. వచ్చి, కాసేపుండి, వెళ్లిపోవును. అది వెళ్లినపిమ్మటను మీరు అక్కడనే నిలిచి యుందురు.